ఎంజైముకు తీగ కట్టిన ఇంజినీరు

రక్తంలోనో మూత్రంలోనో కలిసిపోయి ఉన్న వేలాది పదార్థాల నడుమ ఒకే ఒక్క దానిని పట్టుకుని, అది ఎంత ఉన్నదో అంకెలో చెప్పగల సాధనాన్ని బయోసెన్సర్ అంటారు. దానిలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది గుర్తుపట్టేది, అది ఎంజైము కావచ్చు, యాంటీబాడీ కావచ్చు, డీఎన్ఏ పోగు కావచ్చు. రెండవది ఆ గుర్తింపును విద్యుత్తుగానో వెలుతురుగానో మార్చి పైకి చేరవేసేది. గుర్తుపట్టే పనిని ప్రకృతి ఎన్నడో చేసి పెట్టింది కనుక అందులో మనుషులు కొత్తగా చేయవలసినది తక్కువేననీ, అసలు చిక్కంతా ఆ సంగతిని జీవపదార్థం నుంచి లోహానికి చేరవేయడంలోనే ఉన్నదనీ, అది జీవశాస్త్రం కన్నా ఇంజినీరింగుకు చెందిన సమస్య అనీ తలచి, దాని మీదనే ఏళ్ల తరబడి పని చేసిన శాస్త్రవేత్త ఆడమ్ హెల్లర్. ఆయన ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగు ఆచార్యులుగా పనిచేశారు. అర మైక్రోలీటరు రక్తం కూడా అక్కరలేని మీటరు నుంచి, భుజానికి అతికించుకుని రెండు వారాల పాటు ఉంచుకునే బిళ్ల వరకు, మధుమేహులకు అందివచ్చిన కొన్ని ముఖ్యమైన పరికరాల వెనుక ఆయన ప్రయోగశాల ఆలోచన ఉన్నది.

బయోసెన్సర్ల అమ్మకాలలో సింహభాగం గ్లూకోజును కొలిచేవాటిదే కావడం కాకతాళీయం కాదు. టైఫాయిడ్ వచ్చినవాడు ఒకసారో రెండుసార్లో పరీక్ష చేయించుకుని ఊరుకుంటాడు. షుగరు ఉన్న మనిషి మాత్రం జీవితాంతం, కొన్ని సందర్భాలలో రోజుకు నాలుగైదు సార్లు, తన రక్తాన్ని కొలుచుకుంటూనే ఉండవలసి వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి నిర్వహించిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్లనీ, దాని అంచున ఉన్నవారు మరో 13.6 కోట్లనీ తేలింది. ఇంతమందికి ప్రతిసారీ ల్యాబుకు వెళ్లి, నరం నుంచి రక్తం ఇచ్చి, రిపోర్టు కోసం సాయంత్రం దాకా ఎదురుచూడడం సాధ్యమయ్యే పని కాదు.

రంగు చూసి చెప్పిన కాలం

చక్కెరను కొలవడం మొదట కంటిపని. నీలంగా ఉండే బెనెడిక్ట్ ద్రావణంలో కొన్ని చుక్కల మూత్రం వేసి మరిగిస్తే, చక్కెర ఉన్న కొద్దీ అది ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల మీదుగా ఇటుక ఎరుపుకు తిరుగుతుందన్న సంగతి ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో ఆ పరీక్ష చేసినవారందరికీ గుర్తుండే ఉంటుంది. రంగు గాఢతను బట్టి పదార్థపు పాళ్లను తేల్చే ఈ పద్ధతికి ఆ రోజుల్లో జీవరసాయన శాస్త్రంలో తిరుగులేదు. భీమవరంలో పుట్టి హార్వర్డు చేరిన యల్లాప్రగడ సుబ్బారావుకు తొలి పేరు తెచ్చిపెట్టినది కూడా ఇటువంటి పనే: శరీర ద్రవాలలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే విధానాన్ని సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించారు. ఇరువురి పేర్లతోనే ఆ విధానం నేటికీ పాఠ్యపుస్తకాలలో ఉన్నది.

రంగుతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, దానికి వెలుతురు కావాలి, మంచి కన్ను కావాలి, రక్తం ఎర్రదనం అడ్డు రాకుండా చూసుకోవాలి. 1960ల నడుమ రక్తంలోని గ్లూకోజుకు కాగితపు పట్టీలు వచ్చినప్పుడు, వాటి మీద పెద్ద బొట్టు వేసి, ఒక నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, పక్కనున్న రంగుల పటంతో పోల్చి చూసుకోవలసి వచ్చేది. మధుమేహం ముదిరితే దెబ్బతినే అవయవాలలో కన్ను ఒకటని తలచుకుంటే, రోగిని తన కంటితో రంగులు పోల్చమనడంలోని అన్యాయం తెలుస్తుంది. 1970 ప్రాంతంలో ఆ రంగును కంటికి బదులు యంత్రమే చదివే మీటరు వచ్చింది కాని, కిలోకు పైగా బరువున్న ఆ పెట్టె ఇళ్లకు చేరడానికి పుట్టినది కాదు.

విద్యుత్తుతో కొలవవచ్చునన్న ఆలోచన వేరే దారిలో వచ్చింది. రక్తంలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలిచే ఎలక్ట్రోడును 1956లో వెలువరించిన లీలాండ్ క్లార్క్, 1962లో అలబామాలో ఛాంప్ లయన్స్‌తో కలిసి దానికి ఒక చిన్న చేర్పు చేశారు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును పలుచని పొరల నడుమ బంధించి ఆ ఎలక్ట్రోడు ముందు ఉంచడమే ఆ చేర్పు. ఒక రకం నల్లబూజు తయారుచేసే ఈ ఎంజైము గ్లూకోజును మాత్రమే పట్టుకుని, దాని నుంచి రెండు ఎలక్ట్రాన్లను లాగి, వాటిని ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. ఆక్సిజన్ హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుతుంది. కనుక ఆక్సిజన్ ఎంత తరిగిందో చూసినా, పెరాక్సైడు ఎంత పుట్టిందో చూసినా గ్లూకోజు లెక్క తేలుతుంది. బయోసెన్సర్ల వంశవృక్షానికి మూలం ఇదే.

అయితే ఈ ఏర్పాటులో రెండు లోపాలున్నాయి. చర్మం కింది ద్రవంలో గ్లూకోజు పుష్కలంగా ఉంటే ఆక్సిజన్ దానిలో పదుల వంతులు తక్కువగా ఉంటుంది. ఆక్సిజన్ చాలనప్పుడు ఎంజైము పని మందగించి, మీటరు చూపేది గ్లూకోజు లెక్కా, ఆక్సిజన్ కరవా అన్నది తెలియకుండా పోతుంది. పైగా పెరాక్సైడును కొలవడానికి ఎలక్ట్రోడు మీద సుమారు 0.6 వోల్టుల పీడనం ఉంచవలసి వస్తుంది. అంత పీడనం వద్ద విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, జ్వరానికి వేసుకున్న పారాసిటమాల్ కూడా ఎలక్ట్రాన్లను వదులుతాయి. తలనొప్పి బిళ్ల వేసుకున్న మనిషికి ఉన్నట్టుండి చక్కెర పెరిగినట్టు కనిపిస్తుంది.

ఆక్సిజన్‌తో నిమిత్తం లేకుండా, ఎంజైము నుంచి ఎలక్ట్రాన్‌ను మోసుకువచ్చి లోహానికి ఇచ్చి, మళ్లీ వెనక్కు వెళ్లే చిన్న అణువును వాడితే ఈ రెండు చిక్కులూ తగ్గుతాయని ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ పరిశోధకులు 1984లో చూపారు. రెండు కార్బన్ వలయాల నడుమ ఒక ఇనుప పరమాణువు ఇరుక్కున్న ఫెరోసీన్ అనే పదార్థపు ఉత్పన్నాలను వారు ఇందుకు ఎంచుకున్నారు. మూడేళ్లకే, 1987లో, ఆ సూత్రం మీద కలం ఆకారపు మీటరు బజారులోకి వచ్చింది. ఒకసారి వాడి పారేసే పట్టీకి ఈ ఉపాయం దివ్యంగా సరిపోయింది. కాని అటూ ఇటూ తిరిగే స్వేచ్ఛ ఉన్న చిన్న అణువు ఒంట్లో పెట్టిన ఎలక్ట్రోడు నుంచి కొన్ని గంటలలోనే జారిపోతుంది. జారిన తర్వాత కొలత ఆగిపోవడమే కాక, అది ఒంట్లో ఎక్కడికి చేరిందన్న ప్రశ్న మిగులుతుంది.

బ్యాటరీల మనిషి జీవశాస్త్రంలోకి

హెల్లర్ ఈ సమస్య వద్దకు వచ్చిన తోవ వైద్యులది కాదు, జీవశాస్త్రజ్ఞులదీ కాదు. 1933లో రుమేనియాలోని క్లుజ్ నగరంలో యూదు కుటుంబంలో పుట్టి, 1944లో బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరం గుండా వెళ్లి ప్రాణాలతో స్విట్జర్లాండు చేరిన బాలుడాయన. జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో 1961లో డాక్టరేటు పొంది, అమెరికా వచ్చి, పరిశ్రమల ప్రయోగశాలలలో స్థిరపడ్డారు. నియోడిమియం కలిపిన ద్రవంతో పనిచేసే లేజరు, ఏళ్ల తరబడి ఛార్జు నిలుపుకునే లిథియం-థయొనిల్ క్లోరైడ్ బ్యాటరీ, ద్రవంలో ముంచిన అర్ధవాహకంతో సూర్యకాంతిని విద్యుత్తుగా మార్చే ఘటం, ఇవి ఆయన తొలి పాతికేళ్ల పంట. బెల్ ల్యాబ్స్‌లో ఎలక్ట్రానిక్ పదార్థాల పరిశోధన విభాగానికి అధిపతిగా ఉండి, 1988లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వెళ్లారు. ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగని పనులుగా కనిపించవచ్చును గాని, బ్యాటరీలోనూ ద్రవపు సౌరఘటంలోనూ అడిగే ప్రశ్న ఒకటే: ఘనపదార్థానికీ ద్రవానికీ మధ్యనున్న సరిహద్దును ఎలక్ట్రాన్ ఏ వేగంతో, ఎంత నష్టంతో దాటుతుంది? ఎంజైమును ఆయన చూసినది కూడా ఆ కంటితోనే.

గ్లూకోజ్ ఆక్సిడేజ్ పెద్ద అణువు. దానిలో గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను అందుకునే కీలకం ఎఫ్ఏడీ అనే చిన్న భాగం. కొబ్బరికాయలో నీళ్లున్నట్టు అది ప్రొటీను పీచుకూ చిప్పకూ లోపల, ఉపరితలానికి 13 ఆంగ్‌స్ట్రాముల పైచిలుకు లోతున ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటవ వంతు. అది లెక్కలోకి రాని దూరమే అనిపిస్తుంది కాని, ఎలక్ట్రాన్ ఒక చోటి నుంచి మరో చోటికి దూకే వేగం దూరంతో పాటు ఘాతీయంగా పడిపోతుందని, అంటే కొద్దిపాటి దూరం పెరిగినా వేగం అనేక రెట్లు తగ్గుతుందని, రుడాల్ఫ్ మార్కస్‌కు 1992లో నోబెల్ బహుమతి తెచ్చిన సిద్ధాంతపు కుటుంబానికి చెందిన లెక్కలు చెబుతాయి. ప్రొటీనులో దూరం 8 ఆంగ్‌స్ట్రాముల నుంచి 17కు పెరిగితే దూకుడు వేగం పదివేల వంతులు పడిపోతుంది. ఎంజైమును నేరుగా బంగారం మీదనో కార్బన్ మీదనో పూస్తే విద్యుత్తు రాకపోవడానికి ఇదే కారణం. ఎలక్ట్రాన్లు కనపడిన ప్రతి లోహానికీ కారిపోకుండా జీవకణం వాటిని కావాలనే లోపల దాచుకుంటుందన్నది గమనిస్తే, ఇంజినీరు ఇక్కడ ప్రకృతి వేసిన తాళాన్ని తీయవలసి వచ్చిందని అర్థమవుతుంది.

1987లో, ఇంకా బెల్ ల్యాబ్స్‌లో ఉండగానే, హెల్లర్ సహపరిశోధకుడు యినాన్ డెగానీతో కలిసి తొలి దారి చూపారు. ఒకే పెద్ద దూకుడుకు బదులు చిన్న చిన్న మజిలీలు ఏర్పాటు చేయడం ఆ దారి. ఎలక్ట్రాన్‌ను తీసుకుని ఇవ్వగల చిన్న రసాయన గుంపులను ఎంజైము ఒంటికే అక్కడక్కడ అతికించినప్పుడు, లోపలి ఎలక్ట్రాన్ ఒక మజిలీ నుంచి మరొక మజిలీకి దూకుతూ లోహాన్ని చేరగలిగింది. ఇది ప్రయోగంగా నిలిచింది కాని, ఒక్కొక్క ఎంజైమును ఇలా మలచుకోవడం శ్రమతో కూడిన పని. ఆస్టిన్‌లో ఆ ఆలోచన మరింత సులువైన రూపం తీసుకున్నది: మజిలీలను ఎంజైములో కాక, ఎంజైము చుట్టూ ఉండే పొరలో పెట్టారు.

ఆ పొరను కాస్త దగ్గరగా చూడడం అవసరం, ఎందుకంటే తరువాతి ఇరవై ఏళ్ల పరికరాలకు ఆధారం అదే. పొడవాటి పాలిమర్ గొలుసును తీసుకుని, దాని వెంట ఆస్మియం అనే లోహపు సంయోగాలను క్రమంగా వేలాడదీస్తారు. ఈ గొలుసుల మీద ధనావేశం ఉంటుంది, గ్లూకోజ్ ఆక్సిడేజ్ మీద ఋణావేశం ఉంటుంది. రెండింటినీ నీటిలో కలిపితే ఒకదానినొకటి హత్తుకుంటాయి. ఆ మిశ్రమానికి ఎపాక్సీ జాతికి చెందిన జిగురును చేర్చి, ఒక చుక్కను కార్బన్ ఎలక్ట్రోడు మీద వేసి గది ఉష్ణోగ్రతలో ఆరనిస్తే, గొలుసులూ ఎంజైములూ కలిసి ఒకే వలగా ముడిపడతాయి. నీటిలో ఉంచినప్పుడు ఆ వల కరిగిపోదు, ఉబ్బుతుంది. ఇటువంటి ఉబ్బిన వలనే హైడ్రోజెల్ అంటారు. గ్లూకోజు నీటితో పాటు దానిలోకి ఇంకి, లోపల ఎక్కడో ఉన్న ఎంజైమును చేరుతుంది. ఎంజైము విడిచిన ఎలక్ట్రాన్‌ను పక్కనే ఉన్న ఆస్మియం అందుకుంటుంది. గొలుసులు నీటిలో నిరంతరం కదులుతుంటాయి కనుక ఒక ఆస్మియం మరొక ఆస్మియాన్ని తాకి దానికి అందిస్తుంది. చివరికి అది కార్బన్‌ను చేరి విద్యుత్తుగా లెక్కకు వస్తుంది. ఎంజైము ఏ వైపు తిరిగి ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే అన్ని వైపులా తీగలే. ఏ అణువూ విడిగా తిరగడం లేదు కనుక జారిపోయేదీ లేదు. ఎంజైముకు వైరింగు చేయడమని హెల్లర్ దీనికి పెట్టిన పేరు ఆ రంగమంతటా స్థిరపడింది. 2003లో ఆయన బృందం ఆస్మియాన్ని గొలుసుకు మరీ దగ్గరగా కాక, పొడవాటి తోకతో వేలాడదీసి చూసినప్పుడు, అది అటూ ఇటూ ఊగి మరిన్ని ఆస్మియాలను అందుకోగలిగి, వల మోసే విద్యుత్తు గణనీయంగా పెరిగింది.

దీనివలన ఒనగూడిన మరొక మేలు మొదట్లో అంతగా కనపడదు. ఆస్మియం ఎలక్ట్రాన్‌ను వదలడానికి తక్కువ వోల్టేజీ చాలు. శరీరంలో అమర్చే సెన్సరును ప్రామాణిక వెండి ఎలక్ట్రోడుతో పోలిస్తే కేవలం 40 మిల్లీవోల్టుల వద్ద నడపగలిగారు. పారాసిటమాల్ ఆ పీడనం వద్ద నోరు మెదపదు.

మూడు వేల వంతులలో ఒక వంతు రక్తం

1996లో ఆడమ్ కుమారుడు ఎఫ్రాయిమ్ హెల్లర్ కాలిఫోర్నియాలో థెరాసెన్స్ అనే కంపెనీని ప్రారంభించారు. దాని తొలి వస్తువు 2000లో వచ్చిన ఫ్రీస్టైల్ మీటరు. దానికి కావలసిన రక్తం 300 నానోలీటర్లు, అంటే మిల్లీలీటరులో సుమారు మూడు వేల వంతులలో ఒక వంతు. స్పర్శనాడులు దట్టంగా ఉండే వేలికొనకు బదులు, నొప్పి అంతగా తెలియని ముంజేతి నుంచి కూడా ఆపాటి రక్తం తీసుకోవచ్చును. ఇంత కొద్ది రక్తంతో సరైన అంకె ఎలా వస్తుందన్నది ఆసక్తికరమైన విషయం. అప్పటి మీటర్లలో చాలావరకు ఒక క్షణంలో ప్రవహించే కరెంటును కొలిచేవి. ఆ కరెంటు వాతావరణపు వేడితోనూ రక్తపు చిక్కదనంతోనూ మారుతుంటుంది. ఫ్రీస్టైల్ అలా కాక, అతి పలుచని సందులో నిలిచిన రక్తంలోని గ్లూకోజునంతటినీ ఖర్చు చేసి, దాని నుంచి వచ్చిన మొత్తం విద్యుదావేశాన్ని కూడుతుంది. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల చక్కెర ఉన్న రక్తం 300 నానోలీటర్లలో గ్లూకోజు అణువులు సుమారు లక్ష కోట్లకు వెయ్యి రెట్లు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు ఎలక్ట్రాన్లను ఇస్తే మొత్తం ఆవేశం మిల్లీకూలంబులో మూడో వంతు అవుతుంది. పని తొందరగా జరిగినా నెమ్మదిగా జరిగినా మొత్తం మారదు కదా. రక్తం తక్కువైతేనే ఈ పద్ధతి తొందరగా ముగుస్తుంది కనుక, ఇక్కడ కొరతే సౌలభ్యమైంది. ఈ పట్టీలో ఎంజైమును వలలో బంధించవలసిన పని లేదు. కొన్ని సెకన్ల తర్వాత పారేసేదే కాబట్టి కరిగి తిరిగే ఆస్మియం సంయోగం చాలు. 2004లో థెరాసెన్స్‌ను అబాట్ సంస్థ సుమారు 120 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

ఎంజైము ఎంపికలో పొరపాటుకు ఎంత మూల్యం ఉంటుందో చెప్పే అధ్యాయం కూడా ఈ చరిత్రలో ఉన్నది. ఆక్సిజన్ జోలికి పోదన్న కారణంగా ఆ కాలంలో పలు కంపెనీల పట్టీలలో పీక్యూక్యూ అనే సహకారిని ఆధారం చేసుకున్న గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ ఎంజైము వాడేవారు. అది గ్లూకోజుతో పాటు మాల్టోజును కూడా పట్టుకుంటుంది. మామూలు మనిషి రక్తంలో మాల్టోజు లెక్కలోకి వచ్చేది కాదు. కాని కడుపులో ద్రవం నింపి చేసే ఒక రకం డయాలసిస్‌లో వాడే ఐకోడెక్స్‌ట్రిన్ శరీరంలో మాల్టోజుగా విడిపోతుంది. మీటరు ఎక్కువ చూపితే ఇన్సులిన్ ఎక్కువ ఎక్కిస్తారు, రోగి చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. 1997 నుంచి ఇటువంటి మరణాలు 13 తన దృష్టికి వచ్చాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో హెచ్చరిక జారీ చేసిన తర్వాత తయారీదార్లు ఎంజైములు మార్చుకున్నారు. గుర్తుపట్టే పని ప్రకృతి చేసి పెట్టిందన్న మాటకు ఇంతమేరకు మినహాయింపు ఉన్నది.

వైర్ చేసిన ఎంజైము అసలు సత్తా తేలినది శరీరం లోపల ఉంచే సెన్సరులోనే. 2008లో అమెరికాలో అనుమతి పొందిన నావిగేటర్, 2014లో యూరపులో విడుదలైన లిబ్రే ఆ దారిలో వచ్చినవి. వైద్యుల చేతి మీదుగా వాడే లిబ్రే ప్రో 2015లోనే భారతదేశానికి వచ్చింది. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దదైన ఈ సెన్సరు అడుగున సన్నని పోగు ఒకటి ఉంటుంది. అది భుజం వెనుక చర్మంలోకి సుమారు 5 మిల్లీమీటర్లు దిగి, కణాల నడుమ ఉండే ద్రవంలోని గ్లూకోజును 14 రోజుల పాటు కొలుస్తుంది. అంతకు ముందటి సెన్సర్లకు రోజుకు ఒకటి రెండు సార్లు వేలిని గుచ్చి, వచ్చిన అంకెను చెప్పి, దారిలో పెట్టవలసి వచ్చేది. వలలోని రసాయనం నిలకడగా ఉండడం వలన లిబ్రేకు ఫ్యాక్టరీలో చేసిన సర్దుబాటే రెండు వారాలకు సరిపోయింది. రక్తంలోని మార్పు ఈ ద్రవానికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది కనుక, చక్కెర వేగంగా పడిపోతున్న వేళ తెర మీది అంకె వెనుకబడి ఉంటుందన్నది వాడేవారు మరువరాని సంగతి.

పరగడుపున ఒకటి, తిన్నాక రెండు గంటలకు ఒకటి, ఈ రెండు అంకెలతోనే ఇన్నాళ్లూ మన వైద్యం నడిచింది. రాత్రి పదిన్నరకు అన్నం తిని పడుకునే ఇంట్లో చక్కెర ఏ వేళ శిఖరానికి చేరి ఏ వేళ దిగుతున్నదో, ఇన్సులిన్ తీసుకున్న వృద్ధుడి చక్కెర తెల్లవారుజామున రెండింటికి నిద్రలోనే 60కి పడిపోతున్నదో లేదో ఆ రెండు అంకెలు చెప్పలేవు, సెన్సరు గీసే రేఖ చెబుతుంది. అయితే రేఖ చూసి బెంగపడవలసిన అవసరం లేనివారు కూడా, ఆరోగ్యవంతులై ఉండీ, ఇటీవల ఈ సెన్సర్లను ఆభరణాల్లా ధరిస్తున్నారు. భోజనం తర్వాత చక్కెర కాస్త పెరిగి మళ్లీ దిగడం జబ్బు కాదు, జీర్ణం. అలాగే అంకెల మీద అతినమ్మకం కూడా తగదు: ఇంటి మీటర్లకు వర్తించే 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100కు పైబడిన కొలతలలో నూటికి 95 అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. అంటే అసలు 200 ఉన్నచోట మీటరు 170 చూపినా 230 చూపినా అది ప్రమాణానికి లోబడినట్టే. నిన్నటికీ ఇవాళ్టికీ పది పాయింట్లు పెరిగిందని మందు మార్చమని డాక్టరు మీద ఒత్తిడి తెచ్చేవారికి ఈ లెక్క తెలిసి ఉండడం మంచిది.

చక్కెర నుంచి డీఎన్ఏకు

తీగ కట్టిన ఎంజైముతో జన్యుపదార్థాన్ని కూడా గుర్తించవచ్చునని హెల్లర్ బృందం 1996లోనే చూపింది. వ్యాధిని దాని అణువుల స్థాయిలో, ముఖ్యంగా డీఎన్ఏ, ఆర్ఎన్ఏల ద్వారా పట్టుకోవడాన్ని మాలిక్యులర్ డయాగ్నస్టిక్స్ అంటారు. డీఎన్ఏలోని రెండు పోగులలో ఒకటి తెలిస్తే దానికి జోడు ఏదో తెలిసినట్టే. వెతుకుతున్న క్రిమి పోగుకు జోడైన చిన్న ముక్కను హైడ్రోజెల్‌కు కట్టి ఉంచితే, నమూనాలో ఆ క్రిమి ఉన్నప్పుడు దాని పోగు వచ్చి అతుక్కుంటుంది; ఆ పోగు రెండవ కొసకు, ఎంజైమును మోసే మరో ముక్క అతుక్కుంటుంది. రెండు ముక్కల నడుమ ఇరుక్కున్న లక్ష్యం ఉన్నచోట మాత్రమే ఎంజైము వలను తాకి కరెంటును పుట్టిస్తుంది. ఒక్క ఎంజైము వరుసగా వేల ఎలక్ట్రాన్లను నడిపించగలదు కనుక కొద్దిపాటి లక్ష్యానికి పెద్ద సంకేతం వస్తుంది. గాలిలోని ఆక్సిజన్‌నే ముడిసరుకుగా వాడుకునే ఎంజైముతో సుమారు వెయ్యి డీఎన్ఏ ప్రతులను ఈ బృందం 2004లో గుర్తించింది.

ఇది ప్రయోగశాల విజయంగానే ఎక్కువగా మిగిలిపోయిందని ఒప్పుకోవాలి. వాస్తవంలో విస్తరించినది పీసీఆర్. అంటే వేడిచేస్తూ చల్లారుస్తూ డీఎన్ఏను కోట్ల రెట్లు పెంచి, మెరుపు రంగుతో గుర్తించే పద్ధతి. దానిని బ్యాటరీతో నడిచే చిన్న పెట్టెలోకి దించిన ట్రూనాట్ యంత్రం గోవాకు చెందిన మోల్‌బయో తయారీ. క్షయ నిర్ధారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దానిని సిఫారసు చేసింది. ఆ యేడే కరోనా పరీక్షలకు ఆంధ్రప్రదేశ్ ఈ యంత్రాలను విస్తారంగా వాడింది. పెద్ద ల్యాబుకు నమూనాలు మోసుకుపోవడం కన్నా యంత్రాన్నే రోగి దగ్గరకు తేవడం మేలన్న సూత్రం మాత్రం రెండు దారులలోనూ ఒకటే.

హెల్లర్ తన వైరింగును మరో విచిత్రమైన చోట కూడా పరీక్షించారు. 7 మైక్రాన్ల మందం, 2 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు కార్బన్ పోగులను తీసుకుని, ఒకదాని మీద గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లు లాగే ఎంజైమును, రెండవదాని మీద వాటిని ఆక్సిజన్‌కు ఇచ్చే ఎంజైమును పూసి, ఆ రెండింటినీ ద్రాక్షపండులో గుచ్చినప్పుడు, పండు రసంలోని చక్కెర నుంచి అర వోల్టు వద్ద సుమారు 2.4 మైక్రోవాట్ల విద్యుత్తు వచ్చింది. 2003లో వెలువడిన ఈ ఫలితం, శరీరంలోని సెన్సరుకు శరీరమే కరెంటు ఇచ్చే రోజు వస్తుందన్న ఆశను రేపింది. ఎంజైములు ఎక్కువ కాలం నిలవకపోవడం వలన ఆ ఆశ ఇంకా ఆశగానే ఉన్నది. 2007 సంవత్సరానికి గాను అమెరికా జాతీయ సాంకేతిక పతకం ఆయనకు లభించినది మాత్రం రోగుల చేతికి చేరిన వస్తువులకే.

బెంగళూరు ప్రయత్నం, ఉద్దానం అవసరం

ట్రాన్సిస్టర్ల ఇంజినీరు బయోసెన్సర్ల వైపు మళ్లిన ఉదాహరణ మన దేశంలోనూ ఉన్నది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో నానో విజ్ఞాన, ఇంజినీరింగు కేంద్రానికి చెందిన ఆచార్య నవకాంత భట్ గ్లూకోజుతో ఆగకుండా, మధుమేహుడికి కావలసిన పలు కొలతలను చేతిలో పట్టే ఒకే పరికరంలోకి తెచ్చారు. వాటిలో ఒకటైన హెచ్‌బీఏ1సీ, ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకున్నదో చెబుతుంది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక అది మూడు నెలల సగటును సూచిస్తుంది. రక్తహీనత ఉన్నవారిలో ఈ అంకె దారి తప్పే అవకాశం ఉన్నందున, అంత త్వరగా తప్పుదారి పట్టని గ్లైకేటెడ్ ఆల్బుమిన్‌ను కూడా కొలవాలని ఆయన బృందం పూనుకున్నది. రక్తహీనత ఇంటింటా ఉన్న దేశంలో ఇది కేవలం అదనపు సౌకర్యం కాదు. పాథ్‌శోధ్ అనే అంకురసంస్థ ద్వారా ఈ పని బజారుకు వచ్చింది. బయోసెన్సర్లు, వాయు సెన్సర్లపై చేసిన కృషికి ఆయనకు 2018లో ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. కరోనా యాంటీబాడీలను విద్యుత్ పద్ధతిలో కొలిచే పరీక్షకు ఆ సంస్థ 2021లో అనుమతి పొందింది.

తెలుగు నేల మీద ఈ విద్యకు ఎదురుచూస్తున్న పని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉన్నది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో మధుమేహం, రక్తపోటు వంటి తెలిసిన కారణాలేవీ లేకుండానే మూత్రపిండాలు చెడిపోతున్న జబ్బును పట్టుకోవడానికి రక్తంలోని క్రియాటినిన్‌ను తరచూ కొలవాలి. కండరాలు విడిచే ఈ వ్యర్థాన్ని కిడ్నీలు వడకడతాయి. వడపోత మందగిస్తే రక్తంలో పేరుకుంటుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి వలన చికిత్స దగ్గరయింది కాని, తోటపనికి పోయే మనిషి ఒంట్లో మార్పును ముందుగా కనిపెట్టడానికి గ్రామంలోనే పరీక్ష కావాలి.

గ్లూకోజుకు కుదిరిన ఉపాయం క్రియాటినిన్‌కు అంత తేలికగా కుదరదు. ఆరోగ్యవంతుడి రక్తంలో గ్లూకోజు అణువులు అరవై ఉన్నచోట క్రియాటినిన్ అణువు ఒకటి మాత్రమే ఉంటుంది కనుక కరెంటు కూడా ఆ పాళ్లలోనే బలహీనపడుతుంది. దాని నుంచి నేరుగా ఎలక్ట్రాన్లను లాగే అనుకూలమైన ఎంజైము లేదు. క్రియాటినిన్‌ను క్రియాటిన్‌గా, దానిని సార్కొసిన్‌గా, దానిని మళ్లీ పెరాక్సైడు వచ్చేలా మార్చే మూడు ఎంజైముల వరుస కావాలి. ఆ మూడింటిలో ఏ ఒక్కటి నీరసించినా అంకె తప్పుతుంది, పైగా కండరాలలో సహజంగానే ఉండే క్రియాటిన్ రక్తంలోకి చేరి దారి మధ్యలో లెక్కలో కలుస్తుంది; అందుచేత ఆ క్రియాటిన్‌ను విడిగా కొలిచి తీసివేయడానికి పక్కన రెండవ ఎలక్ట్రోడు అవసరమవుతుంది. ఆసుపత్రులలో చేతిలో పట్టే పరికరాలకు ఈ మూడు ఎంజైముల క్యాట్రిడ్జులు ఉన్నాయి, అయితే వాటిని ఫ్రిజ్‌లో దాచాలి, ధర కూడా షుగరు పట్టీకి ఎన్నో రెట్లు. ఆశా కార్యకర్త సంచిలో ఏప్రిల్ ఎండకు తట్టుకుని, మూడు ఎంజైములనూ కొన్ని నెలల పాటు సమానంగా బతికించి ఉంచే పొరను తయారుచేయడం ఇప్పుడు ఇంజినీర్ల ముందున్న పని.